గట్టిగా కొట్టమని అరవకండి, ఒక సర్వ్ వేసి చూడండి



ఈ పత్రికలో ఇప్పటిదాకా నేను ఇంగ్లిష్ పేజీల్లోనే రాశాను. రీడింగ్ లాగ్ గురించి, స్పెల్లింగ్ గురించి, హ్యాండ్‌రైటింగ్ గురించి. ఈసారి తెలుగు పేజీ అడిగి మరీ తీసుకున్నాను, ఇది ఇంట్లో అందరూ చదవాలని. విషయం పికిల్‌బాల్. అందులోనూ ఒకే ఒక్క దెబ్బ గురించి: ఎదుటివాళ్లు సర్వ్ వేస్తే దాన్ని తిరిగి పంపడం, అంటే రిటర్న్. ఇంగ్లిష్ టీచర్‌కు ఆటలతో పనేమిటని మీరు అడిగే లోపే ఒప్పుకుంటున్నాను, మా 9వ తరగతి అమ్మాయిల చేతిలో 11-3తో ఓడిపోయిన దాన్ని నేను. అందులో ఎక్కువ పాయింట్లు రిటర్న్ చేయలేకే పోయాయి.

ముందు జరిగింది చెప్తాను. పోయిన టర్మ్‌లో 8, 9 తరగతుల పిల్లల్ని బెలుం గుహలకు తీసుకెళ్లాం. మీరు సంతకం పెట్టి పంపిన ట్రిప్పే. నంద్యాల నుంచి బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా పోయాం. ఆళ్లగడ్డ వైపు పిల్లలు ముందు రోజు రాత్రే వచ్చి హాస్టల్లో పడుకున్నారు, పడుకున్నారు అనడం మాటవరసకే. బావిలోకి దిగినట్టు మెట్లు దిగి లోపలికి పోతే పైన పొలాలున్నాయన్న సంగతే మర్చిపోతాం. గుహ పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది అందులో సగం దాకా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీన్ని గుర్తించాడనీ, 1982లో జర్మన్ బృందం వచ్చి పరిశోధించిందనీ పిల్లలు వర్క్‌షీట్‌లో రాసుకున్నారు. లోపలి ఉక్కకు మాత్రం వర్క్‌షీట్‌లో గడి లేదు. చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. సప్తస్వరాల గుహలో గైడ్ వేలి కణుపుతో రాతిని మెల్లగా తట్టి వినిపించాడు. ఒక్కో చోట ఒక్కో స్వరం. మావాడొకడు పిడికిలి బిగించి ముందుకు రాబోతే గైడ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "గెట్టిగ కొడితే నీ చెయ్యే పలుకుతాది నాయనా" అన్నాడు.

ఆ పిల్లవాడి నాన్నగారికే కొలిమిగుండ్ల దగ్గర నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. తిరుగు దారిలో పిల్లలకు భోజనం అక్కడ పెడతానని పట్టుబట్టారు. యూనిట్ ముందు బండలు పరిచిన పెద్ద జాగా. మా పీఈటీ సార్ బస్సు డిక్కీలో మడత నెట్, ప్యాడిల్స్ వేసుకొచ్చారు, ఆయన ఎక్కడికి పోయినా అంతే. సుద్దముక్కతో గీతలు గీశారు. పెరుగన్నం తిన్న పది నిమిషాలకే ఆట మొదలైంది.

నాన్నగారు కోర్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కొడుకు రిటర్న్ చేసే ప్రతిసారీ ఒకటే మాట: "ఇంగా గెట్టిగ కొట్రా! అన్నం తినలేదా?" వాడు గట్టిగానే కొట్టాడు. స్కోరు రాసింది నేనే కాబట్టి గుర్తుంది, తొమ్మిది సర్వులకు ఆరు రిటర్నులు పోయాయి. నాలుగు నెట్‌లోకి, రెండు రాళ్ల గుట్ట మీదికి. పోయిన ప్రతిసారీ వాడు బంతి వైపు కాకుండా కుర్చీ వైపు చూశాడు. తల్లిదండ్రులారా, ఆ చూపు కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

తర్వాత నాన్నగారే ప్యాడిల్ తీసుకున్నారు. తండ్రీకొడుకులు ఒకవైపు, 9వ తరగతి అమ్మాయిలిద్దరు ఒకవైపు. 11-2. ఆయన మంచి మనిషి, నవ్వుతూ చెమట తుడుచుకున్నారు. "ఏంది మేడమ్ ఈ ఆట? కొడితే పోతాది, కొట్టకపోతే వాళ్లొచ్చి మీద పడతారు" అన్నారు. ఆయన తెలియకుండానే సరైన చోట వేలు పెట్టారు. ఆ రెండో సగం, "వచ్చి మీద పడడం", అదే ఈ ఆటలో రిటర్న్ రహస్యం.

ఆట తెలియని వాళ్లకు రెండు ముక్కలు. పికిల్‌బాల్ 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ అనే దీవిలో, సెలవుల్లో పిల్లలకు పొద్దుపోక పుట్టిన ఆట. కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. సరిగ్గా మన బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతే, అందుకే మన స్కూల్లో కొత్తగా సిమెంటు పోయాల్సిన పని పడలేదు, గీతలు మార్చి నెట్ దించారంతే. నెట్ పక్కల 36 అంగుళాలు, మధ్యలో 34. బంతి చిల్లులున్న ప్లాస్టిక్ బంతి. నెట్‌కు రెండు వైపులా ఏడేసి అడుగుల జాగాను కిచెన్ అంటారు. అక్కడ నిలబడి బంతిని నేల తాకకముందే కొట్టకూడదు. మన పిల్లలు ఇంటికొచ్చి "ఇవాళ కిచెన్‌లోకి పోయి పాయింట్ పోగొట్టాను" అంటే కంగారు పడకండి, వంటింటికి సంబంధం లేదు.

2025లో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌కు గుర్తింపునిచ్చింది. అదే సంవత్సరం ముంబైలో జరిగిన లీగ్‌లో హైదరాబాద్ పేరుతో జట్టు ఆడింది, చెన్నై జట్టును నటి సమంత తీసుకున్నారు. ఈ వార్తలు చూసి కొందరు పేరెంట్స్ వేలు పోసి ప్యాడిల్ కొనిచ్చారు. కొన్నది కొన్నారు, కొనని వాళ్లు కొనకండి. రిటర్న్ ప్యాడిల్‌తో బాగుపడదు. కాళ్లతో బాగుపడుతుంది.

ఎలాగో చెప్తాను. ఈ ఆటలో సర్వ్ చేతి కింది నుంచి, నడుము కంటే దిగువన తాకేలా వేయాలి. టెన్నిస్‌లో లాగా పైనుంచి పిడుగు పడదు. అది ఐమూలగా వచ్చి ఒకసారి నేల తాకాకే రిటర్న్ చేయాలి. ఇక్కడే అసలు నియమం ఉంది: ఆ రిటర్న్ కూడా అవతల ఒకసారి నేల తాకాల్సిందే. అంటే సర్వ్ వేసిన జంట ముందుకు ఉరికి మీ బంతిని గాల్లో అందుకోకూడదు, వెనక బేస్‌లైన్ దగ్గరే ఆగిపోవాలి. రిటర్న్ చేసేవాళ్లకు ఆ కట్టుబాటు లేదు. మీ జోడీ మనిషి అప్పటికే కిచెన్ గీత దగ్గర నిలబడి ఉంటుంది. రిటర్న్ కొట్టిన మనిషి కూడా అక్కడికి చేరితే ఇద్దరూ నెట్ దగ్గర, ఎదుటివాళ్లిద్దరూ దూరంగా వెనక. నెట్ దగ్గరున్న వాళ్లు కిందికి కొట్టగలరు, వెనకున్న వాళ్లు పైకి ఎత్తి పంపాల్సిందే. మామూలుగా ఆటల్లో సర్వ్ వేసేవాడిది పైచేయి అనుకుంటాం. ఇక్కడ తిరగబడింది.

కానీ ఒక చిక్కు. బేస్‌లైన్ నుంచి నెట్‌కు 22 అడుగులు, అందులో కిచెన్ 7 తీసేస్తే మిగిలింది 15. ఆ 15 అడుగులు నడవడానికి టైమ్ కావాలి. ఆ టైమ్ ఇచ్చేది ఎవరు? మీరు కొట్టిన బంతే. అది ఎత్తుగా, నిదానంగా పోయి ఎదుటివాళ్ల బేస్‌లైన్ దగ్గర పడితే మీ పిల్లకు ఐదారు అంగలు వేసే వ్యవధి దొరుకుతుంది. గట్టిగా, నెట్ మీద రాసుకుంటూ పోతే అంతే వేగంగా తిరిగొస్తుంది. పిల్ల ఇంకా సగం దారిలో ఉండగానే కాళ్ల దగ్గర పడుతుంది. "ఇంగా గెట్టిగ" అని అరిచిన ప్రతిసారీ మనం పిల్లల టైమ్‌ను మనమే కోసేస్తున్నాం.

ఇంకో లెక్క. స్కూల్లో మేం ఆడే పాత పద్ధతిలో సర్వ్ వేసే జట్టుకే పాయింట్ వస్తుంది. రిటర్న్ చేసే జట్టు ర్యాలీ గెలిస్తే ఎదుటివాళ్ల సర్వ్ పోతుందంతే, పాయింట్ రాదు. కొన్ని లీగ్ పోటీల్లో ప్రతి ర్యాలీకీ పాయింట్ ఇస్తారు, ఆ సంగతి వేరు. ఇప్పుడు చూడండి: రిటర్న్ అద్భుతంగా కొట్టినా పాయింట్ లేదు. నెట్‌లో కొడితే మాత్రం ఎదుటివాళ్లకు ఒక పాయింట్ ఉచితం. పోయేది తప్ప వచ్చేది లేని చోట పందెం కాయడం ఎందుకు? వ్యాపారం చేసే తల్లిదండ్రులకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

నేను 11-3తో ఎందుకు ఓడానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నాకు కాలేజీలో కొంచెం బ్యాడ్మింటన్ అలవాటు. బ్యాడ్మింటన్ తెలిసిన వాళ్లకు ఈ ఆట సగం వరమూ సగం శాపమూ. మన రాష్ట్రాల్లో గోపీచంద్, సింధు పేర్లు విని రాకెట్ పట్టని పిల్లలు తక్కువ. చేతివాటం ఉంటుంది, నెట్ దగ్గర భయం ఉండదు. కానీ షటిల్ కింద పడకముందే కొట్టాలన్నది ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. అందుకే సర్వ్ రాగానే ముందుకు దూకి గాల్లోనే కొట్టేస్తారు. తప్పు, పాయింట్ పోయింది. క్రికెట్ పిల్లల సమస్య ఇంకోటి: బ్యాట్ లాగా వెనక్కి ఎత్తి మిడ్ వికెట్ మీదుగా లేపుతారు. టెన్నిస్ బంతి లాగా ఈ బంతి ఎగరదు, తక్కువగా లేస్తుంది. పెద్ద ఊపుకు అందదు.

సరే, పిల్లలకు ఏం చెప్పాలి? మా పీఈటీ సార్ నాకు చెప్పినవే, నా మాటల్లో చెప్తున్నాను.

బేస్‌లైన్‌కు ఒక అంగ వెనక నిలబడాలి. చాలామంది పిల్లలు గీత మీదో, లోపలో నిలబడతారు. సర్వ్ లోతుగా వస్తే అది కాళ్ల మధ్య పడుతుంది, వెనక్కి నడుస్తూ కొట్టాలి. వెనక్కి నడుస్తూ కొట్టిన బంతిలో సత్తువ ఉండదు, పైగా నాపరాళ్ల మీద వెనక్కి నడిచి పడితే తల పగులుతుంది. ముందుకు రావడం ఎప్పుడూ తేలిక. ఎదుటివాళ్ల ప్యాడిల్ బంతిని తాకే క్షణంలో రెండు కాళ్ల మీద సమంగా, చిన్న గెంతు వేసినట్టు ఆగాలి. అప్పుడు ఏ వైపైనా కదలొచ్చు. ప్యాడిల్‌ను వెనక్కి పెద్దగా లాగకూడదు, బంతిని ఒంటి ముందు కలుసుకోవాలి, కింది నుంచి పైకి నెట్టినట్టు పంపాలి. నెట్‌కు మూడు నాలుగు అడుగుల పైనుంచి పోయినా పరవాలేదు. దిశ గురించి పిల్లలు ఎక్కువ ఆలోచిస్తారు, మొదట్లో మధ్యలోకే పంపమని చెప్పండి. నెట్ అక్కడే 2 అంగుళాలు తక్కువ, పక్క గీతలు దాటిపోయే భయం లేదు, పైగా "నువ్వు కొడతావనుకున్నా" అని అవతలి జంట ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అది చూడ్డానికి సరదాగా ఉంటుంది.

కొట్టాక నిలబడి బంతిని మెచ్చుకుంటూ ఉండకూడదు. ఇది నాకు అలవాటు. మంచి రిటర్న్ పడిందంటే "అబ్బ!" అనుకుంటూ అక్కడే ఉండిపోతాను. బంతి చేతి నుంచి పోగానే కాలు కదలాలి. అయితే కిచెన్ గీత చేరినా చేరకపోయినా, ఎదుటివాళ్లు తమ దెబ్బ కొట్టే సమయానికి మళ్లీ ఆగాలి. పరిగెత్తుతూ ఉన్న మనిషి ఎడమకు వచ్చిన బంతిని అందుకోలేడు. దారి మధ్యలో ఆగాల్సి వస్తే తప్పేం లేదు, ఇంకో బంతి కొట్టి మిగతా దూరం పోవచ్చు.

ఇవన్నీ కాళ్లూ చేతుల సంగతి. కళ్ల సంగతి ఇంకా ముఖ్యం, దానికో కథ ఉంది. ఆంద్రే అగస్సీ పేరు మీలో నలభై దాటిన వాళ్లకు తెలిసే ఉంటుంది. టెన్నిస్‌లో సర్వ్ తిరగ్గొట్టడంలో ఆయనంత వాడు లేడని పేరు. బోరిస్ బెకర్ సర్వ్ ముందు మొదటి మూడు మ్యాచులూ ఓడాడు. తర్వాత ఆడిన పదకొండింటిలో పది గెలిచాడు. ఏం మారిందో రిటైరయ్యాక తనే చెప్పాడు: బెకర్ మ్యాచుల టేపులు మళ్లీ మళ్లీ చూసి ఒకటి కనిపెట్టాడట. సర్వ్ వేసే ముందు బెకర్ నాలుక బయటపెట్టేవాడు. అది పెదాల మధ్యలో ఉంటే బంతి ఒక దిక్కుకు, పక్కకు ఉంటే ఇంకో దిక్కుకు. అగస్సీ ఆ గుట్టు బెకర్‌కు తెలియకుండా కాపాడుకుంటూ, ముఖ్యమైన పాయింట్లకే వాడుకున్నాడు. ఇదే అగస్సీ 2025లో, 55 ఏళ్ల వయసులో, అమెరికాలో పికిల్‌బాల్ టోర్నమెంట్‌లో దిగాడు. చిన్న ఆట అని చిన్నచూపు చూసేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

మా 9వ తరగతి అమ్మాయిలు అగస్సీ పేరు వినలేదు. కానీ నన్ను ఓడించాక అడిగితే ఏమన్నారో తెలుసా? "మేడమ్, మీరు సర్వ్ ఎక్కడ వేయాలనుకుంటారో ముందు అక్కడికి చూస్తారు." ఏడేళ్ల వాళ్ల తమ్ముడు కూడా కనిపెట్టగలిగినంత స్పష్టంగా చూస్తానట. క్లాసులో ప్రశ్న అడగబోయే ముందు కూడా అంతేనట, ఎవర్ని లేపుతానో వాళ్లకు ముందే తెలుస్తుందట. బీఈడీలో మైక్రో టీచింగ్ చేసినప్పుడు ఈ మాట నాకెవరూ చెప్పలేదు!

ఆ ఇద్దరిలో ఒకమ్మాయి ఆళ్లగడ్డ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. క్లాసులో చెయ్యి ఎత్తదు. నేను అడిగితే రెండు క్షణాలు ఆగి, అప్పుడు మొత్తం వాక్యం చెప్తుంది. ఇదివరకు ఆ రెండు క్షణాలు నేను ఆగేదాన్ని కాదు. "నెక్స్ట్" అనేసేదాన్ని. కోర్టులో ఆమె రిటర్నులు చూశాక సిగ్గేసింది. బంతి నేల తాకి పైకి లేచి మళ్లీ దిగబోయేదాకా ఓపిగ్గా ఉంటుంది. అప్పుడు కొడుతుంది, ఎక్కడా కంగారు లేదు. అంత ఆలస్యంగా కొట్టకూడదని పీఈటీ సార్ అంటారు, ఆట పెరిగే కొద్దీ కాస్త ముందే అందుకోవాలట. ఆయన మాట నిజమే అయ్యుంటుంది. అయినా ఆ సాయంత్రం ఆమె రిటర్న్ ఒక్కటంటే ఒక్కటి కూడా నెట్‌లో పడలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న: "మేడమ్, ఇంట్లో ఇంగ్లిష్‌లో మాట్లాడరా అంటే నోరు మెదపడు." ఎలా మెదుపుతాడు? మనం ఒక ప్రశ్న వేస్తాం, జవాబు వచ్చే లోపు "చెప్పు, చెప్పు, అంత ఫీజు కడుతున్నాం" అంటాం. వాడు వాక్యం కూడగట్టుకునే లోపే పక్కన మనమే నిలబడి గట్టిగా కొట్టమంటున్నాం. వాడికి తోచింది యెస్ అనో నో అనో ఒక్క ముక్క విసిరేయడమే. అదీ నెట్‌లోకి పోయిన రిటర్నే. నేనూ అదే చేశాను కాబట్టి మిమ్మల్ని అనే హక్కు నాకు సగమే ఉంది.

ఇక ఇబ్బందికరమైన సంగతికి వస్తాను. పోయిన మీటింగ్‌లో కొందరు తల్లిదండ్రులు 9, 10 తరగతులకు శనివారం గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమని అడిగారు. రాతపూర్వకంగా కూడా ఇచ్చారు. వాళ్ల భయం నాకు తెలుసు. పదో తరగతి మార్కులు, ఆ తర్వాత ఇంటర్, ఆ తర్వాత ఎంట్రన్సులు. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను, పదో తరగతిలో మా నాన్న టీవీ వైరు పీకి బీరువాలో పెట్టారు. నిర్ణయం తీసుకునేది నేను కాదు, మేనేజ్‌మెంట్. కానీ నా అభిప్రాయం అడిగితే, ఆ ఒక్క పీరియడ్ ఉండనివ్వండి. ఆట వల్ల మార్కులు పెరుగుతాయని మీకు ఆశ చూపించను, అలాంటి లెక్క నా దగ్గర లేదు. వారంలో పిల్లలు తప్పు చేసినా దాని మీద ఎర్ర సిరా పడని నలభై నిమిషాలు అవొక్కటే. ఒక రిటర్న్ పోతే ఇంకో సర్వ్ వస్తుంది. స్లిప్ టెస్ట్‌లో అలా రాదు.

ఆ పీరియడ్ చాలదనుకునే వాళ్లు ఇంటి దగ్గర చేయించగలిగింది కూడా ఉంది. మిద్దె మీద 44 అడుగులు ఎవరికీ ఉండదు, అక్కర్లేదు. ఒక గోడ చాలు. గోడ మీద నేల నుంచి 3 అడుగుల ఎత్తులో సుద్దతో ఒక గీత గీయండి, అది నెట్. దానికి పైన మరో 3 అడుగులకు ఇంకో గీత. పిల్లను 15 అడుగుల దూరంలో నిలబెట్టి, బంతి ఒకసారి నేల తాకాక, ఆ రెండు గీతల మధ్య తగిలేలా కొట్టమనండి. మీరు పక్కన నిలబడి బంతి వేయండి, లెక్క మాత్రం పైకి చెప్పకండి, మనసులో పెట్టుకోండి. పెద్ద జాగా ఉన్నవాళ్లు బేస్‌లైన్‌కు 4 అడుగుల లోపల ఒక గీత గీసి, పది రిటర్నుల్లో ఎన్ని ఆ పట్టీలో పడ్డాయో చూడండి. దాంతోపాటు కొట్టాక ఎన్నిసార్లు కిచెన్ గీత దాకా చేరారో కూడా చూడండి. మొదటి వారం రెండో లెక్కే ముఖ్యం.

మన వైపు రెండు ప్రత్యేక సమస్యలున్నాయి. ఒకటి బండలు. మన ఇళ్ల ముందూ, మిద్దెల మీదా బేతంచెర్ల రాయో, కొలిమిగుండ్ల నాపరాయో పరిచి ఉంటుంది. బెలుం గుహ తొలిచినదీ ఈ ప్రాంతపు సున్నపురాయినే, కాబట్టి మన పిల్లలు ఆ గుహకు చుట్టాలే. బండకూ బండకూ మధ్య సందులో బంతి పడితే ఎటు పోతుందో చెప్పలేం. ఆ రోజు యూనిట్‌లో అమ్మాయిలు తేలిగ్గా గెలవడానికి అదీ ఒక కారణం. వాళ్లు బంతి నేల తాకిన తర్వాత కూడా దాన్ని చూస్తూనే ఉన్నారు, అబ్బాయిలు తాకక ముందే ఊపు మొదలుపెట్టేశారు. రెండోది గాలి. చెట్టూ చేమా తక్కువున్న ఆ మైదానంలో సాయంత్రం గాలి లేస్తే 25 గ్రాములు తూగే చిల్లుల బంతి ఎటు కొట్టుకుపోతుందో చూడాలి. గాలి మన వీపు వైపు నుంచి వస్తుంటే రిటర్న్‌ను కొంచెం తగ్గించి కొట్టాలి, లేదంటే అవుట్. ఎదురుగాలైతే ధైర్యంగా ఎత్తి కొట్టొచ్చు, గాలే దాన్ని లోపల పడేస్తుంది.

కొలిమిగుండ్ల నాన్నగారు ట్రిప్పు అయిన వారానికి నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. సుద్ద గీతలు వాన పడితే పోతాయని, బండల మీద తెల్ల పెయింటుతో కోర్టు గీయించేశారు. కింద వాయిస్ మెసేజ్: "మేడమ్, దినాం సాయంత్రం ఇరవై సర్వులు నేనే ఏస్తాండా. నోరు మూసుకోని." వెనకనుంచి కొడుకు గొంతు వినిపించింది, "అబద్ధం మేడమ్, నిన్న రెండుసార్లు అరిచినాడు."

మీరూ రండి. వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం 5 గంటలకు స్కూల్ కోర్టు తల్లిదండ్రులకే. పిల్లలు రిటర్న్ చేస్తారు, సర్వ్ మీరు వేయాలి. ప్యాడిల్స్, బంతులు పీఈటీ సార్ దగ్గర ఉన్నాయి. బూట్లు మాత్రం మీరే తెచ్చుకోండి, చెప్పులతో ఆడితే జారిపడతారు. చీర కట్టుకుని వచ్చే అమ్మలు కొంగు దోపుకుంటే చాలు, నేను మొదట్లో అలాగే ఆడాను. పేరు ఇవ్వాలంటే పిల్లల డైరీలో ఒక లైన్ రాసి పంపండి.